ఎలక్ట్రాన్ స్పిన్ కొలిచే పరిశోధనకు ఏ దారి?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ ఆఖరి ఏడాది. పదార్థాల్లో ఎలక్ట్రాన్ స్పిన్‌ను ఫోటోఎమిషన్‌తో కొలిచే పరిశోధన చేస్తానంటోంది. ఏం చదవాలి? ఆ పని ఎలా ఉంటుంది?
– ఓ తండ్రి, కర్నూలు

జవాబు: చదువు దారి తెలిసిందే. జామ్ రాస్తే ఐఐటీల్లో, సీయూఈటీ-పీజీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల ఎంఎస్సీ చేయొచ్చు. పీహెచ్‌డీకి నెట్, గేట్, జెస్ట్ పరీక్షలు ఉన్నాయి. జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000, ఇంటి అద్దె భత్యం వేరు. తేల్చుకోవాల్సింది, ఈ పని మీ అమ్మాయికి పడుతుందా అన్నదే.

హీలియం దీపం నుంచి 21.2 ఎలక్ట్రాన్ వోల్టుల కాంతి పడగానే పదార్థం నుంచి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. ఇదే ఫోటోఎమిషన్. ఎనలైజర్ వాటి శక్తినీ కోణాన్నీ చెబుతుంది, స్పిన్‌ను (ఎలక్ట్రాన్ ఓ చిన్న అయస్కాంతంలా ఎటు తిరిగి ఉందన్నది) చెప్పదు. అందుకని స్పిన్ కొలిచే మాట్ డిటెక్టర్‌లో వాటిని సుమారు 25 కిలోవోల్టులతో బంగారు రేకుకు కొట్టిస్తారు. ఎడమకు, కుడికి చెదిరిన సంఖ్యల తేడాను వాటి మొత్తంతో భాగించి, దాన్ని మళ్లీ షెర్మన్ ఫంక్షన్‌తో (డిటెక్టర్ స్పిన్‌ను ఎంత బాగా వేరుచేస్తుందో చెప్పే సంఖ్య) భాగిస్తే స్పిన్ పోలరైజేషన్, అంటే స్పిన్‌లు ఎంత మేర ఒకే వైపు ఉన్నాయన్నది, వస్తుంది. చిక్కంతా ఇక్కడే. షెర్మన్ విలువ 0.15 అయితే, ఒక్క శాతం కచ్చితత్వానికి ప్రతి బిందువు దగ్గరా దాదాపు 4.4 లక్షల ఎలక్ట్రాన్లు లెక్కపెట్టాలి. చెదిరి డిటెక్టర్‌కు చేరేవేమో కొన్నే. గంటలు గడుస్తాయి. ఈలోగా వాక్యూమ్ 10⁻¹⁰ మిల్లీబార్ ఉన్నా నమూనా ఉపరితలం మాసిపోతుంది. ఆక్సిజన్ పట్టించిన ఇనుప పొరను వాడే వీలీడ్ అనే మరో రకం డిటెక్టర్ సామర్థ్యం మాట్ డిటెక్టర్‌కు సుమారు వంద రెట్లు. కాకపోతే ఆ పొరను అప్పుడప్పుడూ శుభ్రం చేసుకుంటూ ఉండాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది దొంగ అసిమెట్రీ (స్పిన్ వల్ల కాకుండా వచ్చే ఎడమ-కుడి తేడా) దగ్గర. ఎడమ, కుడి లెక్కపెట్టే రెండు చానెళ్ల సున్నితత్వం కాస్త తేడాగా ఉన్నా, కాంతిచుక్క పక్కకు జరిగినా లేని స్పిన్ ఉన్నట్టు కనిపిస్తుంది. అయస్కాంత నమూనా అయితే అయస్కాంతీకరణ దిశ తిప్పి మళ్లీ కొలవాలి. వీలీడ్‌లో ఇనుప పొర దిశనే తిప్పొచ్చు. బిస్మత్ సెలెనైడ్ లాంటి టోపలాజికల్ ఇన్సులేటర్‌లో (లోపల విద్యుత్తును పోనివ్వక, ఉపరితలం మీద పోనిచ్చే పదార్థం) నమూనాకు తిప్పడానికి అయస్కాంత దిశ ఉండదు కనుక, ప్లస్ కోణంలో ఒకటి, మైనస్ కోణంలో ఒకటి కొలిచి గుర్తు మారిందో లేదో చూడాలి.

నిజానికి సగం రోజులు వాక్యూమ్‌కే పోతాయి: చాంబర్‌ను 120–150 డిగ్రీల దగ్గర ఒకట్రెండు రోజులు బేక్ చేయడం, హీలియంతో లీకు వెతకడం. అతుకుల మధ్య పెట్టే రాగి గ్యాస్కెట్‌ను ఒకసారి వాడాక దాన్నే మళ్లీ బిగిస్తే లీకును కోరి తెచ్చుకున్నట్టే.

ఎంఎస్సీ ప్రాజెక్టుకు వాక్యూమ్, పలుచని పొరల ల్యాబ్ ఎంచుకోమనండి. పైథాన్ ప్రోగ్రామింగ్ ఇప్పుడే నేర్చుకోవాలి. మన దేశంలో ఫోటోఎమిషన్ బీమ్‌లైన్లు (కాంతిని ప్రయోగాల దగ్గరికి తెచ్చే ఏర్పాట్లు) ఇందౌర్ సింక్రోట్రాన్‌లో (తీవ్రమైన కాంతినిచ్చే పెద్ద యంత్రం) ఉన్నాయి. స్పిన్ కొలతలకు చాలాసార్లు ఇటలీలోని ఎలెట్రా, జపాన్‌లోని హిరోషిమా లాంటి సింక్రోట్రాన్ కేంద్రాల్లో బీమ్‌టైమ్‌కు (ఆ కాంతిని వాడుకునే సమయం) దరఖాస్తు పెట్టాల్సి వస్తుంది. అధ్యాపక పోస్టులు తక్కువే. సెమీకండక్టర్ కంపెనీలకు మాత్రం వాక్యూమ్ తెలిసిన చేతులు కావాలి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో గైడ్‌ను మొహమాటపడకుండా అడగమనండి: యంత్రం ఏడాదిలో ఎన్ని నెలలు నడుస్తుంది, పంపు చెడిపోతే బాగుచేయించడానికి డబ్బు ఏ ప్రాజెక్టులోంచి వస్తుంది?