రక్తజబ్బుల మందుల ట్రయల్‌లో కోఆర్డినేటర్‌గా చేరబోతున్న అబ్బాయికి

బాబూ,

ట్రయల్ కోఆర్డినేటర్‌గా చేరుతున్నావని తెలిసి సంతోషించాను. సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగి పగిలే జబ్బు), తలసీమియా (తరచూ రక్తం ఎక్కించాల్సొచ్చే జబ్బు), హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) మందుల ట్రయల్స్ అన్నావు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను. బీపీ మందుల ట్రయల్స్‌లో ఆరితేరినవాళ్లు కూడా ఇక్కడికొచ్చి తడబడతారు. అక్కడ కొలిచేది చేతికి పట్టీ చుట్టి చూసుకునే అంకె. ఇక్కడ కొలిచేవి నొప్పి ఎన్నిసార్లు వచ్చింది, ఎన్ని సంచుల రక్తం ఎక్కించారు, ఎన్నిసార్లు రక్తస్రావం అయింది. మందు ఒక్కటే కాదు, ఎక్కించే డాక్టరు అలవాటు, బ్లడ్ బ్యాంకులో నిల్వ, ఆస్పత్రికి ఉన్న దూరం కూడా ఈ అంకెల్ని మార్చేస్తాయి. అవి చెడకుండా చూసుకోవడమే నీ పనిలో పెద్ద భాగం.

ప్రోటోకాల్, అంటే ట్రయల్ నడిపే నియమాల పుస్తకం, చేతికి రాగానే మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టకు. ప్రధాన ఫలితంగా దేన్ని లెక్కపెడుతున్నారో ముందు వెతుకు. తర్వాత ఏ విజిట్‌లో ఏ పరీక్ష అన్న పట్టిక, ఆ తర్వాత డోసు తగ్గించే, ఆపే నియమాలు. మిగతాది నింపాదిగా చదవొచ్చు. ప్రధాన ఫలితం నిర్వచనాన్ని మాత్రం అక్షరం పొల్లుపోకుండా రాసి టేబుల్ ముందు అంటించుకో.

సికిల్ సెల్ మందు హైడ్రాక్సీయూరియా మీద 1995లో అచ్చయిన ట్రయల్ చూడు. 299 మంది పెద్దవాళ్ల మీద చేశారు. ఏడాదికి నొప్పి క్రైసిస్‌ల (తీవ్రమైన నొప్పి దాడుల) మధ్యస్థ సంఖ్య ప్లాసిబో (మందు లేని ఉత్త మాత్ర) వాళ్లలో 4.5, మందు వాళ్లలో 2.5. అందులో క్రైసిస్ అంటే ఆస్పత్రిలో 4 గంటలకు పైగా ఉండి, నొప్పికి ఇంజెక్షన్ రూపంలో ఓపియాయిడ్ (మార్ఫిన్ లాంటి) మందు తీసుకోవడం. ఇలాంటి నిర్వచనం ఉన్నచోట ఇంట్లో మాత్ర మింగి దుప్పటి కప్పుకుని ఓర్చుకున్న నొప్పి లెక్కలోకి రాదు. ఆస్పత్రికి దగ్గరగా ఉన్నవాడికి క్రైసిస్‌లు ఎక్కువగా, దూరంగా ఉన్నవాడికి తక్కువగా కనిపిస్తాయి. ట్రయల్ మధ్యలో ఎవరైనా ఇల్లు మారితే ఆ సంగతి తేదీతో సహా రాసిపెట్టు.

ఇంకో చిక్కు. డిశ్చార్జి కాగితంలో తేదీలే ఉంటాయి, గంటలు ఉండవు. వచ్చిన సమయం కోసం క్యాజువాలిటీ రిజిస్టరు, మందు పేరు, ఇచ్చిన మార్గం, సమయం కోసం నర్సుల మందుల చార్టు కాపీ తెప్పించుకోవాలి. వారంలోపు అడిగితే దొరుకుతాయి. ఆర్నెల్లు పోయాక అడిగితే రికార్డు గదిలో వెతకాల్సిందే. నొప్పి డైరీ ఏ రోజుది ఆ సాయంత్రమే రాయించు. విజిట్‌కు వచ్చే ముందు బయట కూర్చుని నెల మొత్తం ఒకే పెన్నుతో నింపేవాళ్లు ఉంటారు. ఫోన్‌లో నింపే డైరీ అయితే సమయం ముద్రే పట్టిస్తుంది. కోప్పడకు, రోజూ ఏ వేళకు గుర్తుచేస్తే వీలో అడిగి ఆ వేళకు గుర్తుచెయ్యి.

తలసీమియా ట్రయల్స్‌లో లెక్క రక్తం సంచులది. లుస్పాటర్సెప్ట్ అనే మందును పరీక్షించిన బిలీవ్ ట్రయల్‌లో 336 మంది ఉన్నారు. 13 నుంచి 24వ వారం మధ్య రక్తం అవసరం కనీసం 33 శాతం, అదీ 2 యూనిట్లకు తక్కువ కాకుండా, తగ్గినవాళ్లు మందు వైపు 21.4 శాతం, ప్లాసిబో వైపు 4.5 శాతం. ఈ తేడా నిలబడాలంటే ట్రయల్‌కు ముందు 24 వారాల రక్తమార్పిడి చరిత్ర గట్టిగా ఉండాలి. ‘నెలకు రెండు సంచులు’ అని తల్లి చెప్పే మాట చాలదు. ప్రతి మార్పిడికి తేదీ, యూనిట్లు, ఎన్ని మిల్లీలీటర్లు, ఎక్కించే ముందు హీమోగ్లోబిన్ ఎంత, అన్నీ బ్లడ్ బ్యాంకు స్లిప్పుల నుంచి రావాలి. పిల్లలకు సగం సంచి ఎక్కించినా ఒక యూనిట్ అని రాసేస్తారు, అందుకే మిల్లీలీటర్లు అడగమన్నాను.

ఇక్కడ అసలు ఉచ్చు ఒకటుంది. ఇన్నాళ్లూ హీమోగ్లోబిన్ 9.5కు రాగానే రక్తం ఎక్కించే డాక్టరు, ‘కొత్త మందు వాడుతున్నారుగా, చూద్దాం’ అని 8.5 దాకా ఆగాడనుకో. సంచులు తగ్గుతాయి, మందు గెలిచినట్టు కనిపిస్తుంది, పిల్లవాడు మాత్రం నీరసిస్తాడు. అందుకే ట్రయల్ మొదలుకాకముందే ఎంతకు ఎక్కిస్తారన్నది ఆ డాక్టరుతో రాతపూర్వకంగా ఖాయం చేసుకో. రక్తం దొరక్క మార్పిడి వాయిదా పడితే ఆ కారణం కూడా రాయి. మార్పిడి రోజుకే విజిట్ పెట్టుకో, శాంపిల్ మాత్రం రక్తం ఎక్కించే ముందే తియ్యి.

స్క్రీనింగ్‌లోనూ ఇదే మెలిక. రక్తం ఎక్కించిన కొత్తలో సికిల్ సెల్ రోగి శాంపిల్ తీస్తే అందులో కొంత దాత రక్తమే. హీమోగ్లోబిన్ ఎస్ (సికిల్ రకం), ఎఫ్ (పసివాళ్లలో ఉండే రకం) శాతాలు రెండూ తప్పుదారి పట్టిస్తాయి. హైడ్రాక్సీయూరియా వాడుతున్నవాళ్లకు డోసు ఎన్నాళ్లుగా మారలేదో చూడాలి. వోక్సిలోటార్ అనే సికిల్ సెల్ మందు మీద జరిగిన హోప్ ట్రయల్‌లో అది కనీసం 90 రోజులు. గడిచిన ఏడాదిలో 1 నుంచి 10 క్రైసిస్‌లు, హీమోగ్లోబిన్ 5.5 నుంచి 10.5 మధ్య ఉండాలన్నారు. హద్దు దగ్గర ఉన్నవాళ్లను ఎలాగైనా చేర్చాలని పై నుంచి ఒత్తిడి వస్తుంది. 10.6 అంటే 10.6. మళ్లీ పరీక్ష చేయొచ్చని ప్రోటోకాల్ అంటే చెయ్యి, అనకపోతే అక్కడితో ఆగు.

బాగా బాధపడిన ఏడాది తర్వాతే జనం ట్రయల్‌లో చేరతారు. ఆ మరుసటి ఏడాది ఏ మందూ లేకపోయినా కొంత మెరుగ్గానే ఉంటుంది. ‘ముందుకంటే తగ్గింది కదా’ అన్న మాటకు అందుకే విలువ లేదు, ప్లాసిబో వాళ్లతో పోల్చి చూడాల్సిందే. ఒక్కోసారి అదీ చాలదు. క్రిజన్లిజుమాబ్ అనే సికిల్ సెల్ మందు మొదటి పెద్ద ట్రయల్‌లో 198 మంది ఉన్నారు, ఏడాదికి క్రైసిస్‌ల మధ్యస్థ సంఖ్య ప్లాసిబో వైపు 2.98, మందు ఎక్కువ డోసు వైపు 1.63 అని తేలింది. తర్వాతి ట్రయల్‌లో ప్లాసిబోకూ దానికీ తేడా రాలేదు, 2023లో యూరప్‌లో అనుమతి రద్దయింది. వోక్సిలోటార్ కథ ఇంకా కష్టమైనది. హోప్‌లో 24వ వారానికి హీమోగ్లోబిన్ డెసీలీటరుకు 1 గ్రాముకు పైగా పెరిగినవాళ్లు 1500 మిల్లీగ్రాముల డోసులో 51 శాతం, ప్లాసిబోలో 7 శాతం. ఆ పెరుగుదల చూసే 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. తర్వాతి సమాచారంలో క్రైసిస్‌లు, మరణాలు మందు వైపు ఎక్కువగా కనిపించడంతో 2024 సెప్టెంబరులో కంపెనీయే దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. రిపోర్టులో అంకె పెరగడం, మనిషికి బాగుండటం రెండూ ఒకటి కావు. ప్రధాన ఫలితం కాని కాలమ్‌లు కూడా అంతే శ్రద్ధగా నింపు. 9 నుంచి 18 నెలల పసివాళ్ల మీద చేసిన బేబీ హగ్ అనే హైడ్రాక్సీయూరియా ట్రయల్‌లో ప్రధాన ఫలితాలైన ప్లీహం, కిడ్నీ పనితీరులో తేడా తేలలేదు. నొప్పి, చేతివేళ్ల వాపు మాత్రం బాగా తగ్గాయి. డాక్టర్లకు పనికొచ్చింది ఆ రెండో వరుసే.

సమ్మతి పత్రం సంగతి. సంతకం కాకముందు ట్రయల్ కోసం ఏ పనీ చెయ్యకూడదు. రక్తం తీయడమే కాదు, ‘రేపు పరగడుపున రండి’, ‘ఆ మాత్ర ఆపి రండి’ అనడం కూడా అందులోకే వస్తుంది. పత్రం ఇంటికి పంపు, చదువుకుని రానివ్వు. వచ్చాక ‘అర్థమైందా’ అని అడగకు, అందరూ అవుననే అంటారు. ‘మీకు ఉత్త మాత్ర రావచ్చా? మధ్యలో మానేస్తే మామూలు వైద్యం ఏమవుతుంది?’ అని అడిగి వాళ్ల నోట చెప్పించు. తేదీ, సమయం వాళ్ల చేత్తోనే రాయించు. కొత్త ప్రమాదం తెలిసి పత్రం మారితే మళ్లీ సంతకం. ట్రయల్ సాగుతుండగా పిల్లవాడు మేజర్ అయితే తండ్రి సంతకం ఇక చెల్లదు, అతని సమ్మతే కావాలి. ఈ తేదీలు ముందే క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకో.

శాంపిళ్ల దగ్గర చెడిపోయేవి ఎక్కువ. సిరంజిలో రక్తాన్ని ట్యూబులోకి బలంగా నెడితే కణాలు పగిలి వాటిలోని ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్, పొటాషియం పెరుగుతాయి. సికిల్ సెల్‌లో కణాలు పగలడమే జబ్బు కాబట్టి, అది రోగి తీరా, తీసిన చేతి తీరా తేలక గొడవ. గడ్డకట్టే పరీక్షల నీలం మూత ట్యూబును గీత వరకు నింపాలి. అందులో 1 వంతు సిట్రేట్‌కు 9 వంతుల రక్తం అని లెక్క, తక్కువ నింపితే గడ్డకట్టే సమయం ఎక్కువగా చూపిస్తుంది. మందు ఎక్కించిన చేతి నుంచి మందు స్థాయి శాంపిల్ తియ్యకు. తీసిన అసలు సమయమే రాయి, షెడ్యూల్‌లో ఉన్నది కాదు. 10:00కు తియ్యాల్సింది 10:17కు తీస్తే 10:17 అని రాయడంలో తప్పు లేదు, 10:00 అని రాస్తేనే తప్పు. పిల్లల్లో ఎంత రక్తం తీస్తున్నావో కూడుకో. ఒకసారికి ఒంట్లో రక్తంలో 1 శాతం, 4 వారాల్లో 3 శాతం దాటొద్దని యూరప్ సిఫారసు. కిలోకు 80 మిల్లీలీటర్ల లెక్కన 10 కిలోల పిల్లకు 8, 24 మిల్లీలీటర్లు. అసలే రక్తహీనత ఉన్న పిల్ల, స్థానిక లాబ్ ట్యూబులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

మాత్రల లెక్క సులువే. 28 రోజులు, రోజుకు 3, అంటే 84 వాడాలి. 90 ఇచ్చావు, 15 తిరిగొచ్చాయి. వాడింది 75, అంటే 89 శాతం. 100 దాటితే కంగారుపడు: ఎక్కువైనా మింగారు, లేదా నీకు చూపించకుండా పారేశారు. ఖాళీ సీసాలు కూడా తెమ్మని చెప్పు. మైటాపివాట్ లాంటి మందును హఠాత్తుగా ఆపితే ఎర్రకణాలు ఒక్కసారిగా పగలొచ్చు. కాబట్టి ప్రయాణం ఉందని తెలిస్తే మాత్రలు సరిపోతాయో లేదో ముందే చూడు.

ఎవరికి ఏ మందు పడిందో తెలియకూడని ట్రయల్‌లో రక్తపరీక్షే గుట్టు విప్పేస్తుంది. హైడ్రాక్సీయూరియా పడితే ఎర్రకణం పరిమాణం పెరుగుతుంది, తెల్లకణాలు తగ్గుతాయి. అలాంటి రిపోర్టు రోగిని చూసే డాక్టరు కంటపడకుండా, డోసు మార్చే పని వేరే వ్యక్తికి అప్పగిస్తారు. స్థానిక లాబ్ రిపోర్టు పొరపాటున ఫైల్లోకి రాకుండా చూసే బాధ్యత నీదే. ఒంట్లో ఐరన్ తగ్గించే డెఫెరిప్రోన్ మూత్రాన్ని ఎర్రగా మార్చగలదు, అది చెప్పకపోతే రక్తం పోతోందని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. అదే మందు తెల్లకణాలను ప్రమాదకరంగా పడగొట్టగలదు. జ్వరం వస్తే మాత్ర ఆపి, అదేరోజు రక్తపరీక్ష. ఈ మాట ప్రతి విజిట్‌లో చెప్పు, విసుక్కున్నా సరే.

తీవ్రమైన దుష్పరిణామం స్పాన్సర్‌కు (ట్రయల్ చేయించే సంస్థకు) చేరడానికి గడువు సాధారణంగా 24 గంటలు, మీ బృందంలో ఎవరికి ముందు తెలిసినా అప్పటి నుంచే లెక్క. ఆస్పత్రిలో చేరడమే తీవ్రం కింద లెక్క. నొప్పి క్రైసిస్ అనుకున్న చేరికలను కొన్ని ప్రోటోకాల్స్ మినహాయిస్తాయి, ఊపిరితిత్తుల మీదికొచ్చిన క్రైసిస్‌ను మినహాయించారో లేదో విడిగా చూసుకో.

హీమోఫీలియాలో ప్రమాదం తరచూ ఇంట్లోని పాత అలవాటు నుంచి వస్తుంది. రక్తస్రావం రాకుండా వాడే ఎమిసిజుమాబ్ మీద ఉన్నవాళ్లు రక్తస్రావానికి పాత బైపాసింగ్ మందు (లోపించిన గడ్డకట్టే ప్రోటీన్ లేకుండానే రక్తాన్ని గడ్డకట్టించేది), ఏపీసీసీని 24 గంటల్లో కిలోకు 100 యూనిట్లకు మించి, ఒక రోజు లేదా ఆపైన వాడినప్పుడు సన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టాయి. ఫిటుసిరాన్ అనే మరో హీమోఫీలియా మందు ట్రయల్‌లో 2017లో మెదడు సిరలో గడ్డతో ఒకరు మరణించాక డోసింగ్ ఆపారు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు రక్తస్రావానికి ఇచ్చే ఫ్యాక్టర్ (గడ్డకట్టే ప్రోటీన్) డోసులు తగ్గించారు. అందుకని కొత్త డోసు కాగితం ఇచ్చి ఊరుకోకు. ఫ్రిజ్‌లో ఏ మందు ఎంత ఉందో అడుగు, పాత కాగితాన్ని వెనక్కి తీసుకో. ఎమిసిజుమాబ్ ఉండగా ఏపీటీటీ అనే గడ్డకట్టే సమయం పరీక్ష మామూలుగానే కనిపిస్తుంది, దాన్ని నమ్మి సర్జరీకి పంపకుండా రోగి కార్డు మీద ఆ మాట రాయించు. లెక్క దగ్గర ఇంకో సంగతి: ఒకే కీలులో చివరి చికిత్స నుంచి 72 గంటల్లోపు మళ్లీ రక్తం వస్తే చాలా ట్రయల్స్‌లో అది పాత రక్తస్రావం కొనసాగింపే. గంటలు రాయకపోతే ఒకటి రెండవుతుంది.

ట్రయల్ అయ్యాక మందు దొరుకుతుందా అన్న ప్రశ్నకు జవాబు సమ్మతి పత్రంలో ఏముందో అంతే చెప్పు, ‘చూస్తాంలే’ అనకు. చివరి డోసు తర్వాత కూడా ఫాలోఅప్ విజిట్ ఉంటుంది. మందు అయిపోయిందిగా అని చాలామంది దానికి రారు. ఆ తేదీ మొదటి రోజే వాళ్ల కార్డులో రాసిపెట్టు. తలసీమియా వాళ్లకు ట్రయల్‌లో రక్తం తగ్గిందని ఐరన్ తగ్గించే మందు డోసు కూడా తగ్గించి ఉంటే, మార్పిడులు మళ్లీ పెరిగినప్పుడు ఆ డోసు సంగతి వాళ్ల డాక్టరుకు గుర్తుచేస్తూ ఆ రోజే ఉత్తరం పంపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ