మా అన్నయ్య ఐదు కాపీలు, మా అమ్మ ఇస్త్రీ పెట్టె

"తొంభైల్లో వచ్చిన అమెరికన్ కామిక్స్‌ని ఇప్పుడు అందరూ వెక్కిరిస్తున్నారు. నిజంగా అంత చెత్తగా ఉండేవా? అప్పట్లో చదివినవాళ్ళు చెప్పండి" అని అడిగారు.

చెత్త ఉండేది. బోలెడంత ఉండేది. కాకపోతే ఆ మాట అనేవాళ్ళలో సగం మంది అప్పట్లో కొన్నవాళ్ళే గానీ చదివినవాళ్ళు కారని నా గట్టి నమ్మకం. రుజువేమిటంటారా? మా ఇంట్లోనే ఒకడున్నాడు.

1992లో మేం న్యూజెర్సీలో ఉండేవాళ్ళం. నాకు పన్నెండేళ్ళు, అన్నయ్యకి పదహారు. ఆ నవంబరులో సూపర్‌మ్యాన్ చచ్చిపోతున్నాడని టీవీలో వార్తల్లో కూడా చెప్పారు. కామిక్స్ మొహం ఎరగని మా నాన్న ఆఫీసులోవాళ్ళు కూడా లైన్లో నిలబడ్డారు. అన్నయ్య పొద్దున్నే ఇంటింటికీ పేపర్ వేసి కూడబెట్టిన డబ్బుతో సూపర్‌మ్యాన్ 75వ సంచిక ఐదు కాపీలు తెచ్చాడు. ఒక్కోటి రెండున్నర డాలర్లు. నల్లటి ప్లాస్టిక్ కవర్లో సీల్ వేసి ఉంది, పైన రక్తం కారుతున్న ఎస్ గుర్తు. లోపల పుస్తకంతో పాటు పోస్టరు, పేపర్లో వేసినట్టు సంతాప వార్త, స్టాంపులు, చేతికి కట్టుకోవడానికి నల్ల పట్టీ కూడా ఉంటాయని చెప్పాడు. చెప్పడమే, చూపించలేదు.

"ముట్టుకున్నావంటే చంపేస్తా. సీల్ తీయకుండా దాచి, ధర పెరిగాక అమ్ముతా. ఇది నా కాలేజీ ఫీజు" అన్నాడు.

అమ్మ మాత్రం "చదవని పుస్తకం ఎందుకురా కొనడం?" అని ఒక్కటే మాట అడిగింది. తొంభైల కామిక్స్ మీద ఇంతకన్నా మంచి విమర్శ నేను ఇప్పటిదాకా చదవలేదు.

ఆ కథలో దీనికి సరిగ్గా ముందు వచ్చిన మూడు భాగాలూ నేను చదివి ఉన్నాను. చివరిది మంచం కింద అట్టపెట్టెలో ఉంటే పన్నెండేళ్ళవాడు ఎలా ఆగుతాడు? ఒక శనివారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు నాన్న షేవింగ్ బ్లేడుతో ఒక కవరు పైఅంచు కోసేశాను. నేల మీద బోర్లా పడుకుని చదివాను. పది నిమిషాల్లో అయిపోయింది. ప్రతి పేజీకీ ఒకటే పెద్ద బొమ్మ మరి. మొదట మోసపోయాననిపించింది. తర్వాత అనుమానం వచ్చి పాత భాగాలు తీసి పక్కన పరిచాను. మొదటిదాంట్లో పేజీకి నాలుగు గళ్ళు. తర్వాతదాంట్లో మూడు. ఆ తర్వాత రెండు. చివరిదాంట్లో ఒకటి. చావు దగ్గరపడేకొద్దీ గళ్ళు తగ్గిపోతున్నాయి, బొమ్మ మీదికొచ్చేస్తోంది. ఆఖరికి ప్రియురాలు లోయిస్ చేతుల్లో సూపర్‌మ్యాన్. గుండె దడదడలాడింది. ఇంత పని ఆ నల్ల కవర్లో ఉందని సీల్ విప్పనివాళ్ళలో ఎంతమందికి తెలుసు? మా అన్నయ్యకి నేను చెప్పేదాకా తెలీదు. అదీ పదేళ్ళ తర్వాత.

ఇక కవరు అతికించాలి. ప్లాస్టిక్ కదా, వేడి తగిలితే అతుక్కుంటుందనుకున్నాను. ఇస్త్రీ పెట్టె వేడి చేసి, కోసిన అంచు మీద కాగితం వేసి నొక్కాను. కాగితం జారింది. కవరు ముడుచుకుపోయి పెట్టెకి పట్టుకుంది, ఇల్లంతా కాలిన వాసన. తడిగుడ్డతో తుడిచి, కిటికీలు తెరిచి, ఆ కాపీని అట్టపెట్టె అడుగున పెట్టేశాను. సోమవారం పొద్దున నాన్న తెల్లచొక్కా వీపు మీద జానెడు నల్ల చార. అమ్మ చొక్కా వంక చూసింది, ఇస్త్రీ పెట్టె వంక చూసింది, నా వంక చూసింది. అన్నయ్యతో ఏమీ అనలేదు. ఆ నల్ల పట్టీని మాత్రం స్వెటర్ చేతి కింద కట్టుకుని వారం రోజులు స్కూలుకెళ్ళాను.

మరుసటి ఏడే సూపర్‌మ్యాన్ తిరిగొచ్చేశాడు, జుట్టు పెంచుకుని. అది వేరే ఏడుపు.

నేను చెప్పేదేమిటంటే, అప్పటి జబ్బు బొమ్మల్లో లేదు, ఆ కవర్లో ఉంది. 1938 నాటి సూపర్‌మ్యాన్ మొదటి పుస్తకానికి అంత ధర ఎందుకొచ్చింది? పిల్లలు చదివి, చింపి, పారేశారు, మిగిలినవి తక్కువ. యుద్ధం రోజుల్లో పాత కాగితాల కింద పోయినవీ ఉన్నాయి. లక్షల మంది జాగ్రత్తగా దాచిన వస్తువుకి ధర ఎలా వస్తుంది? ఈ చిన్న లెక్క అప్పుడు ఎవరికీ తట్టలేదు. 1991లో మార్వెల్ కంపెనీ వాళ్ళ ఎక్స్-మెన్ కామిక్ కొత్తగా ఒకటో నంబరు నుంచి మొదలైతే ఐదు రకాల కవర్లతో వేశారు. లోపల కథ ఒకటే. ఎనభై లక్షల కాపీలు పైగా అమ్మారు. అమ్మారంటే షాపులవాళ్ళకి అమ్మారు. కామిక్స్ షాపులు తీసుకున్న సరుకు వాపసు ఇవ్వడానికి వీల్లేదు, మిగిలితే వాళ్ళ నెత్తినే. పైగా పేరున్న ఆర్టిస్టుల పుస్తకాలు నెలల తరబడి ఆలస్యం. వచ్చేసరికి అడిగేవాడుండడు, డబ్బు మాత్రం కట్టాలి. మా వీధి చివర షాపు అలాగే మూతపడింది. 1996 డిసెంబరులో మార్వెల్ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది.

ఇక బొమ్మల సంగతి. నడుం చుట్టూ, తొడ చుట్టూ సంచులే సంచులు, మనిషంత తుపాకులు, పాదాలు గీయడం రాక పొగలో దాచేయడం, ఇవన్నీ నిజమే. ఆడవాళ్ళ వెన్నెముకలు ఎలా వంగేవో చెప్పకపోవడమే మంచిది. కానీ అలా గీసినవాళ్ళలో పేరుమోసిన రాబ్ లైఫెల్డ్‌ని తిట్టడం ఇప్పుడు ఫ్యాషనైపోయింది. పన్నెండేళ్ళప్పుడు ఆ పేజీ తిప్పితే వచ్చే ఊపు వేరు. దానికి శరీరశాస్త్రం మార్కులు వేస్తే ఎలా?

ఆయనా, టాడ్ మెక్‌ఫార్లేన్, జిమ్ లీ వగైరా మొత్తం ఏడుగురు ఆర్టిస్టులు 1992లో మార్వెల్ నుంచి బయటికొచ్చి ఇమేజ్ కామిక్స్ అని సొంత కంపెనీ పెట్టుకున్నారు. వాళ్ళ మొదటి పుస్తకాల్లో సగం అరుపులే, ఒప్పుకుంటాను. కానీ గీసినవాడి పాత్ర గీసినవాడిదే అన్నది అక్కడ మాట కాదు, పద్ధతి. సూపర్‌మ్యాన్‌ని పుట్టించిన ఇద్దరు కుర్రాళ్ళు హక్కులన్నీ 130 డాలర్లకి రాసిచ్చేశారు. అది తెలిసినవాళ్ళెవరూ ఇమేజ్‌ని తేలిగ్గా తీసిపారేయరు.

ఆ చెత్త మధ్యే మంచివీ వచ్చాయి. సూపర్‌మ్యాన్ చచ్చిపోయిన ఏడాదే, నాజీల చేతుల్లో యూదులు పడ్డ కష్టాల మీద వచ్చిన మౌస్ అనే కామిక్‌కి పులిట్జర్ ప్రత్యేక బహుమతి వచ్చింది. కలల రాజు కథ శాండ్‌మన్ అప్పుడే నడుస్తోంది. 1993లో మైల్‌స్టోన్ అనే కంపెనీ వాళ్ళు స్టాటిక్ అనే సూపర్‌హీరోని తెచ్చారు. స్కూల్లో చదువుకునే నల్ల కుర్రాడు, పక్క పాత్ర కాదు, హీరోనే. తెల్లవాళ్ళ మధ్య ఒక్కడినే కూర్చునే నాకు అది చిన్న విషయం కాదు. జెఫ్ స్మిత్ అనే ఆయన 1991 నుంచి బోన్ అని నలుపు తెలుపుల్లో సొంతంగా అచ్చేసుకున్నాడు. మెరుపు కవరు లేదు, ప్లాస్టిక్ లేదు. మా షాపులో దాన్ని కింది అరలో పెట్టేవాళ్ళు, తీయాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి.

ఇప్పటివాళ్ళేమైనా మారారా అంటే అదీ లేదు. పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పలకలో బిగించి, పదికి ఎన్ని మార్కులొచ్చాయో పైన రాయించుకుంటున్నారు. మాకు కనీసం బ్లేడుతో కోసే వీలుండేది.

అన్నయ్య ఉద్యోగంలో చేరాక ఒకసారి ఆ అట్టపెట్టె పట్టుకుని పాత కామిక్స్ కొనేవాడి దగ్గరికెళ్ళాడు. వాడు పెట్టె తెరవకుండానే, "సూపర్‌మ్యాన్ 75 అయితే వద్దు, నా దగ్గరే వంద పడున్నాయి" అన్నాడట. ఇంటికొచ్చి కోపంతో అన్నీ బయటికి తీస్తుంటే అడుగున ముడుచుకుపోయిన నల్ల కవరు దొరికింది. అరగంట అరిచాడు. తర్వాత కూర్చుని ఆ కాపీ చదివాడు. గళ్ళ సంగతి నేను చూపించింది అప్పుడే.

మీరు కొత్తగా చదవాలనుకుంటే బోన్‌తో మొదలుపెట్టండి. సూపర్‌మ్యాన్ 75 కావాలంటే మా అన్నయ్య దగ్గర నాలుగున్నాయి, సీల్ తీయలేదు. బేరం మాత్రం ఆడకండి, ఇంకా కాలేజీ ఫీజు లెక్కలోనే ఉన్నాడు.