గోల్ఫ్ కార్ట్‌కి లిథియం వేసే ముందు: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి అల్లుడికి, ఆశీస్సులు.

పీచ్‌ట్రీ సిటీలో నువ్వు కొన్న సెకండ్ హ్యాండ్ గోల్ఫ్ కార్ట్, క్లబ్ కార్ ప్రిసిడెంట్, ఫొటోలు చూశాను. 2010 మోడల్, 48 వోల్టులు, సీటు కింద ఆరు 8 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు, టెర్మినళ్ల మీద తెల్లగా పొంగిన తుప్పు. మీ ఊళ్లో వంద మైళ్లకు పైగా కార్ట్ దారులున్నాయి కాబట్టి బండి ఖాళీగా ఉండదు. లిథియం వేయడం మంచిదే. కానీ ఏది కొనాలని అడుగుతూ నువ్వు వివరాలు పంపిన మూడు బ్యాటరీల్లో రెండు మాత్రం వద్దు.

అందరూ ఎన్ని యాంపియర్ అవర్స్, అంటే ఎంత చార్జ్ పడుతుంది, అని చూసి కొంటారు. నువ్వు ముందు బీఎంఎస్, అంటే బ్యాటరీ లోపల ఉండి దాన్ని కాపాడే సర్క్యూట్, ఎన్ని యాంప్స్ ఇస్తుందో చూడు. నలుగురు ఎక్కి ఎత్తు మీద పెడల్ తొక్కితే మోటారుకి కరెంటు పంపే కంట్రోలర్ 250 యాంప్స్ దాకా లాగుతుంది. చవగ్గా వస్తోందని 100 యాంప్స్ బీఎంఎస్ ఉన్నది తెచ్చావనుకో, ఎత్తు మధ్యలో ట్రిప్ అవుతుంది. లెడ్ యాసిడ్ అయితే నీరసపడుతూ ఆగుతుంది, ఇది చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. నిలకడగా 200 యాంప్స్, కొన్ని సెకన్లపాటు 400 ఇవ్వగలిగింది తీసుకో. నాలుగు 12 వోల్టుల లిథియం బ్యాటరీలను సిరీస్‌లో కలిపే సెట్ కూడా వద్దు. దేని బీఎంఎస్ దానిదే. ఒకటి ముందుగా నిండినా, ముందుగా ఖాళీ అయినా నాలుగూ ఆగుతాయి. 16 సెల్స్ ఉన్న ఒకే 51.2 వోల్టుల ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ప్యాక్, 105 యాంపియర్ అవర్స్‌ది, నీకు చాలు. సగటున 50 యాంప్స్ లాగితే రెండు గంటలు నడుస్తుంది.

పాతవి తీసేటప్పుడు తొందరపడకు. ఉంగరం, వాచీ తీసెయ్, స్పానర్ పిడికి టేపు చుట్టు. సీటు కింద స్విచ్‌ని టో (బండిని లాక్కెళ్లేటప్పుడు వాడేది) వైపు పెట్టి, ముందు నెగటివ్ కేబుల్ విప్పు. తర్వాత తాళం ఆన్ చేసి, రివర్స్‌లో పెట్టి, పెడల్ మెల్లగా తొక్కి పట్టుకో. రివర్స్ బజర్ మోగి మోగి ఆగిపోయిందంటే కంట్రోలర్ కెపాసిటర్లు ఖాళీ అయినట్టు. ఇది చేయకుండా కేబుళ్ల మీద చెయ్యి వేయొద్దు. విప్పే ముందు ప్రతి వైరుకీ ఫొటో తీసుకో. ఒక్కో బ్యాటరీ 28 కిలోలకు పైనే ఉంటుంది, పట్టీతో ఇద్దరు ఎత్తండి. పారేయకు, పాత లెడ్ బ్యాటరీలకు డబ్బులొస్తాయి. ట్రేని వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక తుప్పు గీకి పెయింటు వెయ్యి.

ఎక్కువ మంది చిక్కుకునేది ఓబీసీ దగ్గర, అంటే బండిలోని ఆన్‌బోర్డ్ కంప్యూటర్ దగ్గర. మెయిన్ నెగటివ్ కేబుల్ దాని రంధ్రంలోంచి వెళ్తుంది. పాత బ్యాటరీల చార్జింగ్ లెక్క అదే చూసుకుంటుంది. దాన్ని అలాగే ఉంచితే లిథియంకి దాని లెక్కలు పొసగవు. ఓబీసీని పక్కకు తప్పించే బైపాస్ హార్నెస్ (రెడీమేడ్ వైర్ల కట్ట) నీ మోడల్‌కి సరిపోయేది కొని వెయ్యి, వైర్లు కోసి నువ్వే అతికించే పని పెట్టుకోకు. ఒక్కటి మర్చిపోకు: చార్జర్ ప్లగ్గు పెట్టి ఉండగా బండి కదలకుండా ఆపేది కూడా ఈ ఓబీసీయే. బైపాస్ చేశాక ఆ కాపలా ఉండదు, ఎక్కే ముందు ప్లగ్గు వైపు చూడు. పాత చార్జర్ ఇక పనికిరాదు. 58.4 వోల్టుల దగ్గర ఆగే ఎల్ఎఫ్‌పీ చార్జర్ కావాలి. 18 యాంప్స్‌ది అయితే ఖాళీ ప్యాక్ ఆరు గంటల్లో నిండుతుంది.

కేబుళ్లు పాత 6 గేజ్‌వి వద్దు, ఇంకా లావుగా ఉండే 2 గేజ్ వెయ్యి. పాజిటివ్ టెర్మినల్‌కి దగ్గరగా క్లాస్ టీ ఫ్యూజు పెట్టు. లగ్గు, అంటే కేబుల్ చివర ఉండే లోహపు రింగు, నేరుగా టెర్మినల్‌కి ఆనాలి. ముందు మందపు లగ్గు, దాని మీద సన్నని వైర్ల రింగులు, ఆ పైన వాషరు. లగ్గు కింద వాషరు వేస్తే కరెంటు దానిగుండా పోవాలి, అక్కడ వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. వారం నడిపాక మళ్లీ ఒకసారి బిగించు. సోలెనాయిడ్ (కంట్రోలర్‌కి కరెంటు కలిపే పెద్ద స్విచ్) పెద్ద బోల్టుల మధ్య చిన్న రెసిస్టర్ ఉంటుంది, అది బాగుందో లేదో చూడు. అది పోతే కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు గుంజుతాయి, బీఎంఎస్ దాన్ని షార్ట్ అనుకుని ట్రిప్ అవుతుంది. బ్యాటరీ బాగోలేదని చాలామంది వెనక్కి పంపేది ఇందుకే.

మీ ఇల్లు గుట్ట మీద ఉందన్నావు కదా. బ్యాటరీ పూర్తిగా నింపి, ఇంటి నుంచి బయల్దేరుతూనే దిగుడు దిగితే, మోటారు బ్రేకింగ్‌తో వెనక్కొచ్చే కరెంటుకి చోటుండదు. బీఎంఎస్ కట్ చేస్తుంది. రోజూ 90 శాతం దగ్గరే చార్జింగ్ ఆపెయ్.

బరువు సంగతి కూడా ఉంది. సీటు కింద 120 కిలోల దాకా తగ్గుతుంది, వెనక భాగం ఎగురుతున్నట్టుంటుంది. టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తే సర్దుకుంటుంది. పాత పట్టీలు కొత్త ప్యాక్‌కి సరిపోవు, బ్రాకెట్ వేసి బోల్టులతో బిగించాలి. డాష్ మీదున్న పాత మీటర్‌ని నమ్మకు. 20 శాతం నుంచి 90 శాతం దాకా ఈ ప్యాక్ వోల్టేజీ రెండు వోల్టుల తేడాలోనే తిరుగుతుంది. పాత మీటర్ నిండుగా ఉందని చూపిస్తుండగానే బండి ఆగుతుంది. షంట్ ఉన్న, అంటే వచ్చీపోయే కరెంటుని కొలిచి లెక్కగట్టే, మీటర్ పెట్టు, లేదా బ్లూటూత్ బీఎంఎస్ చూడు.

ఇక లైట్లు, స్పీకర్లు. వీటికి 48 నుంచి 12 వోల్టులకు దించే ఐసొలేటెడ్ (రెండు వైపులా వైర్లు లోపల కలవని) కన్వర్టర్ ఒకటి, 30 యాంప్స్‌ది కావాలి. 12 వోల్టుల వైపు 30 యాంప్స్ అంటే 48 వైపు ఎనిమిదికి కాస్త అటూఇటూ, కాబట్టి ఇన్‌పుట్ వైపు 15 యాంప్స్ ఫ్యూజు చాలు. తాళం ఆన్‌లో ఉన్నప్పుడే పనిచేసేలా రిలే పెట్టు, లేకపోతే వాడకుండా ఉన్న నెలల్లో కన్వర్టరే బ్యాటరీని తినేస్తుంది. కార్లలోలా చాసిస్‌కి నెగటివ్ వేయకు, ప్రతిదానికీ నెగటివ్ వైరు కన్వర్టర్ దాకా వెనక్కి రావాలి. సౌండ్ బార్‌కి 12 గేజ్ వైరు, 20 యాంప్స్ ఫ్యూజు. ఎల్ఈడీ లైట్లకు 16 గేజ్, 10 యాంప్స్. ఇండికేటర్లు ఎల్ఈడీవైతే ఫ్లాషర్ రిలే కూడా ఎల్ఈడీదే ఉండాలి, లేకపోతే టకటకా కొట్టుకుంటుంది. సీటు బెల్టులు ఇనుప ఫ్రేముకే బిగించు, సీటు ప్లాస్టిక్కి కాదు.

స్పీడు పెంచమని కంట్రోలర్ ప్రోగ్రామ్ మార్చేవాళ్లు తగులుతారు. గంటకు 20 మైళ్లు దాటితే ఫెడరల్ నిబంధనల ప్రకారం అది గోల్ఫ్ కార్ట్ కాదు, 25 దాకా లో స్పీడ్ వెహికల్ కింద లెక్క. విండ్‌షీల్డ్, అద్దాలు, బెల్టులు, అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే విన్ (బండి గుర్తింపు) నంబరు, అన్నీ కావాలి. ఆ గొడవలోకి దిగకు.

జార్జియాలో చలికాలం రాత్రుళ్లు సున్నా డిగ్రీల సెల్సియస్ కిందికి దిగినప్పుడు చార్జింగ్ పెట్టకు. మంచి బీఎంఎస్ తనంతట తనే ఆపుతుంది, అది ఉందో లేదో స్పెసిఫికేషన్‌లో వెతుకు. ఆర్డరు పెట్టే ముందు ట్రే పొడవు, వెడల్పు, సీటు కింద ఎత్తు కొలిచి నాకు పంపు.

మీ మామయ్య