షాపతను "వానపాములకేం కాదు" అంటే నమ్మొచ్చా?

మిర్చి చేలో వానపాములు కనిపించడం లేదు, మందుల షాపతనేమో "దీనివల్ల వాటికేం కాదు" అంటున్నాడు, ఎలా తేల్చుకోవాలని అడిగారు. మాదీ గుంటూరు వైపు నల్లరేగడే, కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు, ఏ పరీక్షలో ఏం కాలేదో అడగండి. ఒక పరీక్షలో మందు కలిపిన మట్టిలో వానపాముల్ని 14 రోజులు ఉంచి, ఎన్ని చచ్చాయో చూస్తారు. ఇంకోటి 56 రోజులది. 28 రోజులకు పెద్దవాటిని తీసేసి, మరో 28 రోజులయ్యాక పిల్లల్ని లెక్కపెడతారు. నేను లెక్కలోకి తీసుకునేది ఈ రెండోదాన్నే. పెద్దవి చావకపోయినా పిల్లలు పుట్టకపోతే చేలో ఏటేటా తగ్గిపోవాల్సిందే కదా. పైగా పరీక్షల్లో ఎక్కువగా వాడేది వర్మీకంపోస్టు తొట్లలో పెరిగే ఎర్ర రకం. మన రేగడిలో ఉండేవి వేరు.

మోతాదు లెక్క మీరే వేసుకోవచ్చు. ఎకరంలో పైన 5 సెంటీమీటర్ల మట్టి సుమారు 3 లక్షల కిలోలు. కార్బెండజిమ్ అనే తెగులు మందు 50 శాతం పొడి 200 గ్రాములు మొదళ్లలో పోస్తే అసలు మందు 100 గ్రాములు, అంటే కిలో మట్టికి 0.33 మిల్లీగ్రాములు. కిలోకు 1 నుంచి 5 మిల్లీగ్రాముల మధ్య ఈ మందు వానపాముల సంతానాన్ని బాగా తగ్గిస్తుంది. మొదటిది మట్టిలో విరిగిపోయేలోపే రెండోసారి, మూడోసారి పోస్తే ఆ అంచుకు చేరినట్టే. అదీ ఎకరమంతా సమానంగా పరుచుకుందనుకుంటే. మొక్క మొదట్లో ఇంకా ఎక్కువే ఉంటుంది. రాగి మందుల్లోని రాగైతే అసలు విరగదు, ఏటికేడు పేరుకుంటుంది.

నాకు బాధ కలిగించేది ఇదీ: వానపాముల బొరియలు లేని రేగడిలో నీళ్లు నిలుస్తాయి, వేరు కుళ్లుతుంది, కుళ్లిందని మళ్లీ అదే మందు పోస్తాం.

నల్ల తామర పురుగు విరుచుకుపడిన 2021 సీజన్‌లో మా వైపు చేలన్నీ మందుల్లో తడిశాయి. తర్వాత నేనొక పరీక్ష చేశాను. ప్లాస్టిక్ టబ్బుకు మధ్యలో అట్ట పెట్టి, ఒక పక్క చేను మట్టి, ఇంకో పక్క మందు పడని గట్టు మట్టి వేశాను. రెండిట్లో ఒకే తేమ ఉండాలి. అట్ట తీసి, ఆ గీత మీద 10 వానపాముల్ని వదిలి, 48 గంటల తర్వాత అట్ట మళ్లీ దించి లెక్కపెట్టాలి. చేను వైపు రెండు కూడా లేకపోతే ఆ మట్టి వాటికి పనికిరావడం లేదని అర్థం. మా టబ్బులో దాదాపు అన్నీ గట్టు వైపే చేరాయి. చేను వైపు ఉన్నది కూడా అట్టకు అంటుకుని ఉంది, మట్టిలోకి దిగలేదు.

ఒక జాగ్రత్త. ప్రొఫెనోఫాస్ లాంటి నరాల మీద పనిచేసే పురుగు మందులుంటే అవి పారిపోకుండా అక్కడే ఉండిపోవచ్చు. అందుకని చేలోనూ, గట్టు మీదా అడుగు చదరం, జానెడు లోతు తవ్వి పోల్చుకోండి. ఎండాకాలం తవ్వితే లాభం లేదు, లోతుకు దిగిపోతాయి. వానలు పడి నేల మెత్తబడ్డాక చూడండి.

ఈ సీజన్‌లో మొదళ్లలో ఏం పోశారో, ఎన్నిసార్లో కింద రాయండి, లెక్క వేసి చెబుతాను.