లేదన్న ప్రతిసారీ రాసిపెట్టు, తల్లీ

ఒంగోలు

చిరంజీవి అమ్మాయికి మాస్టారి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ డిగ్రీ కాలేజీ లైబ్రరీ వార్షిక నివేదికను సేవలు, విరాళాలు, బోధన అన్న మూడు శీర్షికల కింద రాయమని ప్రిన్సిపాల్ గారు చెప్పారనీ, పాత నివేదికలు తీసి చూస్తే కొన్న పుస్తకాల సంఖ్య, వాటి ధర, జరిపిన దినోత్సవాల ఫొటోలు తప్ప ఏమీ కనిపించలేదనీ రాశావు. అవీ ఉండాలి. పుస్తకాలకు, పత్రికలకు ఏటా ఎంత ఖర్చు పెట్టారో, రోజుకు ఎంతమంది వచ్చారో కాలేజీల నాణ్యతను అంచనా వేసే నాక్ సంస్థ అడుగుతుంది. కానీ ఆ లెక్క ఎంత బాగా కట్టినా, నిరుటి కంటే ఈ ఏడు మీ లైబ్రరీ పిల్లలకు ఎక్కువ పనికొచ్చిందా అన్నది తేలదు. అది తేలడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే.

కౌంటరు మీద ఒక నోటుబుక్కు ఉంచు. ఎవరైనా ఏదైనా అడిగినప్పుడు నువ్వుగానీ అటెండరుగానీ ‘లేదు’ అని చెబితే ఆ సంగతి వెంటనే అందులోకి ఎక్కాలి. తేదీ, ఏ గ్రూపు, ఏం అడిగారు అన్నవి చాలు. విద్యార్థి పేరు రాయకు. పేరు రాస్తారని తెలిస్తే పిల్లలు అడగడమే మానేస్తారు. నెలాఖరున తీరిగ్గా కూర్చుని ప్రతి పద్దు పక్కన ఎందుకు లేదో ఒక మాట రాసుకో. కొన్ని నిజంగానే మన దగ్గర లేనివి. కొన్ని ఉన్నవే, కానీ ఎవరో తీసుకువెళ్లారు, లేదా వేరే అరలో పడి ఉన్నాయి. ఇంకొన్ని మన ఎదురుగానే ఉన్నాయి, అడిగిన పిల్లవాడికి ఎలా అడగాలో తెలియలేదు, విన్నవాళ్లు తరచి అడగలేదు. సేవలు, విరాళాలు, బోధన అని నీకిచ్చిన మూడు శీర్షికలకూ కావలసిన సరుకంతా ఈ నోటుబుక్కులోనే దొరుకుతుంది.

చేతికి అందక ‘లేదు’ అనిపించుకున్న పుస్తకాలతో మొదలుపెట్టు. దానికి పైసా ఖర్చు లేదు. అద్దాల బీరువాలకు తాళాలు తీయించు. తాళాల గుత్తి ఒక్క మనిషి దగ్గరుంటే, ఆయన సెలవు పెట్టిన రోజున ఎకనామిక్స్ పుస్తకం ఒక్కటీ బయటికి రాదు. తాళం తీయడానికి మనవాళ్లు ఎందుకు భయపడతారో నాకు తెలుసు. పోయిన పుస్తకాల ధర చివరికి తమ పింఛనులోంచి పట్టుకుంటారేమోనని భయం. ఆ భయానికి కాగితం మీదే జవాబు ఉంది. 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 215వ నిబంధన చదువు. ఏడాదిలో పాఠకుల చేతికి వెళ్లిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడం సహజమేనని, అందులో మోసమూ నిర్లక్ష్యమూ లేకపోతే చాలని అది ఒప్పుకుంటుంది. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం తప్పక విచారణ జరగాలి. ఇరవై వేల లోపు పుస్తకాలున్న చోట ఏటా పూర్తి తనిఖీ చేయాలని కూడా అందులోనే ఉంది. అవి కేంద్ర ప్రభుత్వ నిబంధనలే అయినా ప్రిన్సిపాల్ గారి ముందు పెట్టి, ఈ కొలమానం మనమూ పాటిద్దామని స్టాఫ్ కౌన్సిల్‌లో తీర్మానం రాయించుకో. పుస్తకాలున్నది వాడుకోవడానికేనని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే మొదటి సూత్రంగా పెట్టారు. బీరువాలో భద్రంగా ఉండి ఎవరూ ముట్టని పుస్తకాన్ని నేను నష్టం కిందే లెక్కేస్తాను.

సొంత మెటీరియల్ తెచ్చుకుని గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదువుకునే పిల్లల గురించి అడిగావు. వాళ్లు మన పుస్తకాలు తీయరు కాబట్టి లెక్కలోకి రారని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఇంట్లో కూర్చుని చదివే చోటు లేకనే వాళ్లు అక్కడికి వస్తున్నారు. వాళ్లకు ఫ్యాను, వెలుతురు, సాయంత్రం మరో గంట సమయం ఇవ్వగలిగితే అది నివేదికలో మొదటి పేజీలో రాయదగ్గ సేవ. కంప్యూటరీకరణ సంగతి టూకీగా చెబుతాను. కోహా సాఫ్ట్‌వేరు అయినా, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ వారి ఇ-గ్రంథాలయ అయినా పని జరుగుతుంది. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరసగా ఎక్కించే యాక్సెషన్ రిజిస్టరు సరిగా లేకుండా ఏది పెట్టినా రిజిస్టరులోని తప్పులే తెర మీదికి వస్తాయి.

ఇక బోధన. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, మన కాలేజీల్లో అందరూ వదిలేసేదీ ఇదే. మొదటి సంవత్సరం పిల్లలను వరసగా నిలబెట్టి ఇది రిఫరెన్సు, ఇది పీరియాడికల్స్ అని చూపించి పంపిస్తే అది బోధన అవదు. కామర్స్ పిల్లవాడు వచ్చి ‘పార్ట్‌నర్‌షిప్ పుస్తకం ఉందా’ అంటాడు. ఆ పేరుతో పుస్తకం ఉండదు. అతనికి కావలసిన అధ్యాయం 657 అన్న వర్గసంఖ్య వేసిన అకౌంటెన్సీ పుస్తకాల్లో అరనిండా ఉంది. ఇంటర్ దాకా గైడ్లతో చదివిన పిల్లలు చాలామంది పుస్తకం చివరి పేజీల్లో అక్షరక్రమంలో విషయసూచిక (ఇండెక్స్) ఉంటుందన్నదే గమనించరు, ఎందుకంటే గైడ్లలో అది ఉండదు. పైగా 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియమైంది. తెలుగు మీడియంలో పదో తరగతి, ఇంటరు చదివి వచ్చిన అమ్మాయి ఏ మాట కింద వెతకాలో తెలియక వెనక్కి తిరిగి వెళ్తుంది. ఆ సూచిక ఎలా చూడాలో, తెలుగులో తనకు తెలిసిన విషయానికి ఇంగ్లిష్ మాట ఎలా పట్టుకోవాలో అరగంట నేర్పితే నీ నోటుబుక్కులో మూడో రకం పద్దులు ఎంత తగ్గుతాయో చూడు.

పాఠానికి వస్తువు పిల్లల ఊళ్లలోంచే తీసుకో. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కింద వాళ్లు నూట ఎనభై గంటలు పనిచేసి రిపోర్టు రాయాలి కదా. చాలా రిపోర్టులు ఒకదాన్ని చూసి ఒకటి రాసినవేనని లెక్చరర్లకూ తెలుసు. ప్రాజెక్టుకు ముందు ఆ తరగతిని నువ్వు ఒక గంట అడిగి తీసుకో. 2011 జనాభా లెక్కల నెల్లూరు జిల్లా హ్యాండ్‌బుక్ సెన్సస్ వారి వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. తెర మీద తెరిచి, ఎవరి ఊరు వాళ్లను వెతకమను. కావలి మండలం పిల్లలకు ఇట్టే దొరుకుతుంది. గుడ్లూరు, ఉలవపాడు పిల్లలు నెల్లూరు సంపుటంలో ఎంత వెతికినా వాళ్ల ఊరు కనిపించదు. కందుకూరు ప్రాంతాన్ని నెల్లూరులో కలిపింది 2022 ఏప్రిల్‌లో. 2011 లెక్కల్లో అది ప్రకాశం సంపుటంలోనే ఉంటుంది. ఆ మాట నువ్వు ముందే చెప్పకు. కాసేపు వెతకనీ. ఎందుకు లేదో వాళ్లంతట వాళ్లు కనిపెట్టినప్పుడు, ఏ లెక్కనైనా ఏ సంవత్సరానిదో చూసి వాడాలన్న పాఠం ఇక మరిచిపోరు. ఊరు దొరికాక జనాభా, అక్షరాస్యులు, దగ్గరి పట్టణం ఎంత దూరమో చదివించు. పబ్లిక్ లైబ్రరీ, రీడింగ్ రూమ్ ఉన్నాయా అన్న గడి కూడా అందులో ఉంటుంది. ఆ గడి చూపించి, ఇప్పుడు వెళ్లి అది నిజమో కాదో చూసి రమ్మను. రిపోర్టు అక్కడి నుంచి మొదలవ్వాలి.

విరాళాలు చివర ఎందుకు పెట్టానంటే, పై రెండూ చేయకుండా డబ్బు అడిగితే అడిగినదేదీ నిలవదు. సగం ‘లేదు’లు తాళం తీస్తే, నేర్పితే పోతాయి. మిగిలినవే నిజమైన కొరత. ఆ జాబితాలోంచి కూడా ముందు జర్నళ్లు, అంటే పరిశోధన పత్రికలు, తీసేయ్. 2025 జనవరి నుంచి ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం కింద ముప్ఫై ప్రచురణ సంస్థల జర్నళ్లు దాదాపు పదమూడు వేలు ప్రభుత్వ కాలేజీలకు అందుతున్నాయి. చందా కేంద్రమే కడుతుంది. మీ కాలేజీ ఉన్నత విద్యాసంస్థల లైబ్రరీలను కలిపే కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా నమోదైందో లేదో ఈ వారమే చూడు. నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఎలాగూ అందరికీ ఉచితం.

అప్పటికీ మిగిలిన జాబితా పట్టుకుని వెళ్లు. ‘లైబ్రరీ అభివృద్ధికి సాయం చేయండి’ అంటే ఎవరైనా చూద్దామంటారు. ‘ఈ పుస్తకాన్ని ఈ ఏడు ఇంతమంది అడిగారు, ఇంతమందికి లేదన్నాం, పది ప్రతులకు ఇంత అవుతుంది’ అని నోటుబుక్కు తెరిచి చూపిస్తే మనిషి ఆలోచిస్తాడు. దాతలు సహజంగా పేరు రాయించిన బీరువా ఇస్తామంటారు. వాళ్లను తప్పుపట్టకు. అదే పేరు పుస్తకం లోపలి అట్ట మీద అంటిస్తామని, ఏడాది పాటు దినపత్రికల చందా వాళ్ల పేరుతో బోర్డు మీద రాస్తామని చెప్పు. పెద్ద కంపెనీలకు 2013 చట్టం ప్రకారం సామాజిక బాధ్యత కింద లాభాల్లో రెండు శాతం ఖర్చు చేయవలసిన విధి ఉంది. కృష్ణపట్నం వైపైనా, చీమకుర్తి గ్రానైట్ వైపైనా దరఖాస్తు ఏప్రిల్‌కు ముందే చేరాలి. ఏడాది మధ్యలో వెళ్తే ఖర్చు ఖాయమైపోయిందంటారు.

డబ్బు మాత్రం ఎప్పుడూ నీ చేతితో తీసుకోకు. కాలేజీ ప్రణాళిక, అభివృద్ధి మండలి (సి.పి.డి.సి.) ఖాతాకో, పూర్వ విద్యార్థుల సంఘం ఖాతాకో నేరుగా వెళ్లాలి, రసీదు అక్కడే ఇవ్వాలి. విరాళం మీద ఆదాయపు పన్ను రాయితీ వస్తుందని ఎవరికీ మాట ఇవ్వకు. సంఘానికి ఆ అనుమతి ఉండాలి, రెండు వేలు దాటి నగదుగా ఇస్తే రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే రాదు. అమెరికాలో ఉన్న పూర్వ విద్యార్థులు పంపుతామంటే పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు అడగాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారి డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు లేని సంఘం దాన్ని ముట్టుకోకూడదు. ఇది అడగడానికి మొహమాటపడితే తర్వాత సంఘమంతా చిక్కులో పడుతుంది.

పాత పుస్తకాలు బస్తాల్లో తెచ్చి ఇచ్చేవారికి ఏం చెప్పాలో కూడా ముందే రాసి పెట్టుకో. సిలబస్ మారిన గైడ్లు, చెదలు తిన్న పుస్తకాలు తీసుకోలేమని మర్యాదగా, మొదటే చెప్పాలి. ఒక్క చెదపట్టిన పుస్తకం చాలు అర మొత్తం పోవడానికి. మన వైపు సముద్రపు గాలికి, నవంబరు వానలకు కలరా ఉండలు వేసినంత మాత్రాన ఏ పుస్తకమూ నిలవదు. గోడకు ఆనకుండా అరలు జరిపించు, కింది అర ఖాళీగా ఉంచు. గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14 నుంచి 20 దాకా వస్తాయి. దాతలను పిలవడానికి మంచి వారమే, కానీ మనకు అది తుఫానుల కాలం. సభ హాల్లోనే పెట్టుకో.

నివేదిక రెండు పేజీలు దాటనివ్వకు. ఏవి అడిగితే లేదన్నాం, వాటిలో ఏవి తీర్చాం, ఏవి ఇంకా తీర్చలేదు, ఎందుకు తీర్చలేదు అన్నవే అందులో ఉండాలి. తీర్చలేనివి దాచకు. ప్రతి దాతకూ ఒక కాపీ పంపు. వచ్చే ఏడు నువ్వు అడగకముందే కొందరు ఫోను చేస్తారు.

మరొకటి. మీ జిల్లా గురించిన పుస్తకాలకు ఒక అర కేటాయించు. మీ నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడితే, మరుసటి ఏడే రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. దాని మీద వ్యాసం రాయాలని మీ పిల్లల్లో ఎవరైనా అడిగితే ఇవ్వడానికి మీ దగ్గర ఏముందో చూడు. పాత పత్రికలు ఎలా దాచాలో తెలియాలంటే వేటపాలెం సారస్వత నికేతనానికి ఒకసారి వెళ్లి రా. 1918లో పెట్టిన గ్రంథాలయం అది, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. అలాగే, కమ్యూనిటీ సర్వీస్ రిపోర్టులు మార్కులు వేశాక పాత కాగితాల్లోకి పోనివ్వకు. ఒక్కో ఊరికి ఒక్క మంచి ప్రతి లైబ్రరీకి ఇవ్వాలని ప్రిన్సిపాల్ గారి చేత ఈ వేసవి లోపే సర్క్యులర్ వేయించు. నివేదిక చిత్తుప్రతి సిద్ధమయ్యాక నాకు పంపు, చూసి పెడతాను.

మీ మాస్టారు