ఆన్‌లైన్ పత్రికలో తప్పు దొరికితే దిద్దేయొచ్చా?

ప్రశ్న: మా పరిశోధన పత్రిక అచ్చు ఆపేసి పూర్తిగా ఆన్‌లైన్‌కి మారుతోంది. సంపాదకత్వం నాకు అప్పగించారు. ఇకపై ఏ వ్యాసంలో తప్పు దొరికినా అప్పటికప్పుడు దిద్దేయొచ్చు, పని సగం తగ్గినట్టే అంటున్నారు తోటివాళ్లు. నిజమేనా?

జవాబు: నన్నడిగితే అసలు ప్రమాదం అక్కడే ఉంది. ప్రచురించిన వ్యాసాన్ని చడీచప్పుడు లేకుండా మార్చకండి, ఒక్క అంకె అయినా సరే. మీ పట్టికలో 0.05 అని చూసి ఎవరో తమ వ్యాసంలో ఉటంకించారనుకోండి, ఇవాళ మీరు దాన్ని 0.5 చేసి ఊరుకుంటే, రేపు రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకి ఉటంకించినవారే తప్పు రాసినట్టు కనిపిస్తుంది. ఏ పాపం ఎరగని మనిషికి మాట రావడం నాకైతే అస్సలు మింగుడుపడదు. సవరణ ప్రకటన విడిగా వేయండి, తేదీ వేయండి, దానికీ సొంత డీఓఐ (ఆన్‌లైన్ వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య, నొక్కితే వ్యాసం దగ్గరికి తీసుకెళ్తుంది) ఇవ్వండి, వ్యాసం నుంచి ప్రకటనకీ, ప్రకటన నుంచి వ్యాసానికీ లింకులుండాలి. చాలామంది పీడీఎఫ్ దించుకుని మళ్లీ సైట్ మొహం చూడరు కాబట్టి, సరిచేసిన పీడీఎఫ్ మొదటి పేజీలోనే ఆ సంగతి రాయండి.

డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ అనే సంస్థలో సభ్యత్వం తీసుకుంటే వాటిని ఇచ్చుకోవచ్చు. ఇచ్చేశాం కదా అని వదిలేస్తే మాత్రం లాభం లేదు, సైట్ చిరునామా మారినప్పుడల్లా కొత్తది అక్కడ నమోదు చేయించాలి, లేకపోతే డీఓఐ నొక్కినవాళ్లు ఎక్కడికీ చేరరు. పత్రికకి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌ఎస్‌ఎన్ కూడా ఆన్‌లైన్ రూపానికి వేరేది తీసుకోవాలి, అచ్చుకి ఉన్నది పనికిరాదు.

ఇక అందరూ వాయిదా వేసే పని, భద్రపరచడం. అచ్చు పత్రిక మూతపడ్డా ప్రతులు గ్రంథాలయాల్లో ఉంటాయి, ఆన్‌లైన్ పత్రికకి సర్వర్ డబ్బులు కట్టేవాళ్లు లేకపోతే ఏళ్ల తరబడి చేసిన పనంతా గల్లంతే. ఆ భయంతోనే 1999లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లాక్స్ అనే ప్రాజెక్టు మొదలైంది, ఒకే వ్యాసం ప్రతులు చాలా గ్రంథాలయాల కంప్యూటర్లలో ఉంచి, ఒకదానితో ఒకటి పోల్చి, చెడినదాన్ని బాగుచేసే పద్ధతి అది. మీరు పత్రిక నడపడానికి ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడేట్టయితే, ఇలా భద్రపరచడానికి దాని తయారీదారులే నడిపే పీకేపీ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ ఉంది, మొదటి ఆన్‌లైన్ సంచిక రాగానే చేరిపోండి.

పాత సంచికలు స్కాన్ చేసి పెట్టాలనుకుంటే ముందు రచయితల ఒప్పందాలు బయటికి తీసి చదవండి. వాటిలో అచ్చు హక్కులే రాసి ఉంటే, టెన్షన్ పడకుండా రచయితలకి ఉత్తరం రాసి ఒప్పుకోలు తీసుకున్నాకే స్కానింగ్ మొదలుపెట్టండి.