అప్‌లింక్ ప్రాజెక్టు మాన్పించి ఏఐ కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ మూడో సంవత్సరం పూర్తి చేశాడు. మొబైల్ నెట్‌వర్క్‌లో ఫోన్ నుంచి టవర్‌కు (అప్‌లింక్‌లో) ఒకే డేటాను పలుమార్లు పంపేటప్పుడు ఆ ప్రసారాలను పొదుపుగా ఎలా షెడ్యూల్ చేయాలనే అంశాన్ని చివరి ఏడాది ప్రాజెక్టుగా తీసుకున్నాడు. మా బావమరిది కొడుకు ఏఐ నేర్చుకుని మంచి జీతంతో చేరాడు. మావాడిని కూడా హైదరాబాద్‌లో ఆరు నెలల ఏఐ శిక్షణలో చేర్చాలని అడ్వాన్సు కట్టాను. వాడు ఒప్పుకోవడం లేదు. కనీసం ప్రాజెక్టులోనైనా ఏఐ పెట్టమంటున్నాను. చదువు అప్పు వాయిదాలు త్వరలో మొదలవుతాయి. రెండు దారులనూ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: అప్పు వాయిదాలు మొదలయ్యేనాటికి అబ్బాయి చేతిలో ఉద్యోగం ఉంటుందా అన్నదే మీ అసలు ఆందోళన అని మీ ఉత్తరం చివరి వాక్యాలను బట్టి అర్థమైంది. ఇటువంటి ఉత్తరాలు ప్రతి వేసవిలోనూ వస్తుంటాయి కాబట్టి ముందుగా ఆ విషయమే చెబుతాను. మన కాలేజీలకు వచ్చే కంపెనీలలో అత్యధికం సాఫ్ట్‌వేర్ సేవల సంస్థలు. అవి ప్రాజెక్టు పేరును చూసి ఎవరినీ తిరస్కరించవు. కోడింగ్ పరీక్షలో, ముఖాముఖిలో అభ్యర్థి ఎలా ఆలోచిస్తున్నాడో చూసి తీసుకుంటాయి. ఈ ప్రాజెక్టు వల్ల మీ అబ్బాయికి ఆ తలుపులేవీ మూసుకుపోవు.

ఇక అతను ఎంచుకున్న అంశం సంగతి. ఫోన్ ప్రసార శక్తి సాధారణంగా 200 మిల్లీవాట్లకు పరిమితం. టవర్ మీది పరికరం పదుల వాట్లతో ప్రసారం చేయగలదు. అందువల్ల ఊరి చివర ఇంట్లోనో, భవనం నేలమాళిగలో బిగించిన, మొబైల్ నెట్‌వర్క్ ద్వారా రీడింగు పంపే నీటి మీటరు దగ్గరో టవర్ సిగ్నల్ అందుతున్నా, అటునుంచి పంపినది టవర్‌కు చేరదు. అప్పుడు అదే డేటాను మళ్లీ మళ్లీ పంపితే, టవర్ ఆ బలహీనమైన ప్రతులన్నిటినీ కలిపి సందేశాన్ని రాబట్టుకుంటుంది. ప్రసారాల సంఖ్యను రెట్టింపు చేసిన ప్రతిసారీ గరిష్ఠంగా 3 డెసిబెల్స్ లాభం (అంటే సిగ్నల్ బలం రెట్టింపు) దక్కుతుంది, కానీ వాడుకునే కాలమూ రెట్టింపవుతుంది, బ్యాటరీ ఖర్చు పెరుగుతుంది, ఆ కాలంలో పంపవలసిన మరొక వినియోగదారు ఆగిపోతాడు. ఎవరికి ఎన్నిసార్లు అవకాశం ఇవ్వాలి, ఎప్పుడు ఆపేయాలి అన్న లెక్క అందుకే అవసరమవుతుంది.

ఇది కాలేజీలో ఎవరో కల్పించిన సమస్య కాదు. మొబైల్ ప్రమాణాలను రూపొందించే అంతర్జాతీయ కూటమి 3జీపీపీ, వాటిని విడుదలల వారీగా ప్రకటిస్తుంది. 2016లో పూర్తయిన దాని 13వ విడుదలలోని ఎన్‌బీ-ఐఓటీ (మీటర్ల వంటి చిన్న పరికరాల కోసం చేసిన సాంకేతికత), అప్‌లింక్‌లో 128 పునరావృతాల (అదే డేటాను మళ్లీ పంపడాల) దాకా అనుమతించింది. 5జీలో 15వ విడుదల 8 వరకు, 16వది 16 వరకు, 17వది 32 వరకు అవకాశమిచ్చాయి. ఒకే పౌనఃపున్యాన్ని రెండు దిశలూ వంతులవారీగా వాడుకునే నెట్‌వర్క్‌లో ఐదు స్లాట్‌లలో (చిన్న కాల విభాగాలలో) మూడు డౌన్‌లింక్‌కు (టవర్ నుంచి ఫోన్‌కు), ఒకటి దిశ మార్పుకు పోయి, చివరి ఒక్కటే పూర్తిగా అప్‌లింక్‌కు మిగిలే అమరిక సర్వసాధారణం. వరుసగా ఎనిమిది స్లాట్‌లలో పంపమని ఆదేశించినా వాటిలో పూర్తి అప్‌లింక్ స్లాట్‌లు రెండే ఉంటాయి కాబట్టి, మిగిలిన పునరావృతాలు జరగనే జరగవు. అందుబాటులో ఉన్న అప్‌లింక్ స్లాట్‌లను మాత్రమే లెక్కపెట్టే పద్ధతిని 17వ విడుదలలో చేర్చడానికి కారణం ఇదే. టవర్లు దూరదూరంగా ఉండే గ్రామాలలో అప్‌లింక్ అందకపోవడమనే ఇబ్బంది మీదనే సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాస్ పరిశోధకులు పనిచేశారు; భారత్‌లో రూపొందిన 5జీఐ అనే 5జీ ప్రమాణంలో ఆ కృషి ఉంది. మీవాడు ఆ దారిలోనే తొలి అడుగు వేస్తున్నాడు.

ఏఐ శిక్షణ మీద నాకున్న సందేహాలను దాచుకోను. ఆ రంగానికి విలువ లేదని నేను అనడం లేదు. గణితం, సంభావ్యత, ప్రోగ్రామింగ్ గట్టిగా వచ్చినవారికి అందులో మంచి భవిష్యత్తు ఉంది. అయితే ఆరు నెలల కోర్సు చేసి నా దగ్గరకు వచ్చే పిల్లల బయోడేటాలు ఒకదానికొకటి నకళ్లలా ఉంటున్నాయి: ఇళ్ల ధరల అంచనా, సినిమా సమీక్షల వర్గీకరణ, చేతిరాత అంకెల గుర్తింపు. ఆ నమూనా ఎందుకు పొరబడిందని అడిగితే చాలామంది చెప్పలేకపోతున్నారు. ప్రాజెక్టులో ఏఐ పెట్టమన్న మీ సలహా మరింత ప్రమాదకరం. సిగ్నల్ నాణ్యతను కొలిచి, లక్షిత దోష రేటుకు (ఎన్ని సందేశాలు తప్పిపోయినా ఫరవాలేదన్న హద్దుకు) సరిపడా పునరావృతాలు కేటాయించి, సందేశం అందగానే ఆపేసే సాదా నియమాన్ని ముందుగా రాయకుండా, నేరుగా రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌ను (ప్రయత్నిస్తూ, ఫలితాన్ని బట్టి నేర్చుకునే ఏఐ పద్ధతిని) దించితే, వచ్చిన మెరుగుదల దేనితో పోల్చి చెప్పినదో ఎవరికీ తెలియదు. సిమ్యులేటర్‌లో (నెట్‌వర్క్‌ను కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాంలో) చూసిన ఛానెల్ (సిగ్నల్ ప్రయాణించే రేడియో మార్గం) మీద నేర్చుకున్న నమూనా, చూడని ఛానెల్ మీద తడబడుతుంది. 3జీపీపీ తన 18వ విడుదలలో రేడియో ఇంటర్‌ఫేస్‌కు (ఫోన్, టవర్ మధ్య రేడియో సంబంధానికి) ఏఐని వాడుకోవడంపై అధ్యయనం చేసిన మాట నిజమే. ఆ పనికి ఛానెల్ స్వభావం తెలిసినవారే కావాలి.

మీతో ఒక మాట కటువుగానే చెప్పాలి. మీ ఉత్తరంలో బావమరిది గారి అబ్బాయి జీతం ప్రస్తావన ఉంది. మీ అబ్బాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో, ప్రోగ్రామింగ్ ఎంతవరకు వచ్చో, ఈ అంశాన్ని ఎందుకు ఎంచుకున్నాడో ఒక్క ముక్క లేదు. అతన్ని అడగకుండానే డబ్బు కట్టేసి, ఆ తరువాత ఒప్పుకోవడం లేదని బాధపడుతున్నారు. కష్టమైన అంశాన్ని తనంతట తానుగా ఎంచుకుని, తండ్రి వద్దన్నా దాని మీద నిలబడిన విద్యార్థి నాకు అరుదుగా కనిపిస్తాడు. దయచేసి ఆ పట్టుదలను విరగ్గొట్టకండి.

మీ అబ్బాయి ఎంచుకున్న మొబైల్ నెట్‌వర్క్ రంగంలో ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్ సేవల రంగంలో ఉన్నన్ని లేవు. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, బెంగళూరులో నోకియా, ఎరిక్సన్, శాంసంగ్, మీడియాటెక్ వంటి సంస్థలు ఈ పని చేస్తాయి. బీటెక్‌తో చేరేవారికి ఎక్కువగా ప్రొటోకాల్ సాఫ్ట్‌వేర్, టెస్టింగ్ పనులు దొరుకుతాయి. షెడ్యూలర్ అల్గారిథమ్‌ను స్వయంగా రూపొందించే స్థానానికి సాధారణంగా ఎంటెక్ అడుగుతారు. కాబట్టి గేట్ రాయాలా, ముందు ఉద్యోగంలో చేరి అప్పు తీర్చాలా అన్నది మీరిద్దరూ కలిసి తేల్చుకోవలసిన విషయం. అప్పు భారంగా ఉంటే ముందు ఉద్యోగంలో చేరడం తప్పేమీ కాదు, రెండు మూడేళ్ల తరువాత ఎంటెక్ చేసినవారు చాలామంది ఉన్నారు.

ఈ ఏడాది ప్రాజెక్టును సీ++లో, ఎన్‌ఎస్-3 వంటి ఉచిత సిమ్యులేటర్ మీద చేయమనండి. క్యాంపస్ కోడింగ్ పరీక్షకు అదే సాధన అవుతుంది. అందరికీ స్థిరంగా ఎనిమిది పునరావృతాలు ఇస్తే ఎంతమందికి సేవ అందింది, అవసరాన్ని బట్టి ఇస్తే ఎంతమందికి అందింది, ఆలస్యం ఎంత మారింది అన్న గ్రాఫును దసరా నాటికి మీకు చూపించి తెలుగులో వివరించమని అడగండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఇంటర్వ్యూలోనూ చెప్పగలడు. శిక్షణ సంస్థకు కట్టిన అడ్వాన్సు వెనక్కి ఇవ్వడానికి గడువేమైనా పెట్టారేమో రశీదు తీసి ఈ వారంలోనే చూసుకోండి.